కంటి తెలుపు

లొయితా కొండల కింద, వాన మొహం చాటేసిన మూడో ఏడు,
పర్ముఆత్ తాత ఎదుట కూర్చుని
హిల్కా ప్రశ్నల్ని మా భాషలోకి మారుస్తున్నాను.
రోజుకింతని కూలి. టీ ఆవిడదే.

స్నేహం ఎందుకు పుట్టిందో కనుక్కోవడం ఆవిడ పని.
అందుకే ఫిన్లాండు నుంచి వచ్చింది.
"తమ్ముడికి పెట్టడం అర్థమవుతుంది, నెత్తురొకటే కనక.
పక్క గుడిసెవాడికి పెట్టడమే లెక్కకి అందట్లేదు" అంది.
ఆవిడ లెక్క లక్షల ఏళ్ళది.
మాకు పోయిన వారం లెక్కే తేలలేదు, మేకలు ఎన్ని మిగిలాయో.

ఒక కాగితం తీసింది. పది గళ్ళు.
నీ నేస్తాల్లో మొదటివాడెవడు, పదోవాడెవడు?

కింది పళ్ళు రెండు లేని నవ్వు నవ్వాడు తాత.
"ఆవుల్నే లెక్కపెట్టం.
మంద ఇంటికొస్తే ఏ రంగు తగ్గిందో కన్నే చెబుతుంది.
మనుషుల్ని వరసలో నిలబెడతామా?"

"పోనీ, వాళ్ళు నీకెంత బాకీ?"

బాకీకి మాకో మాట ఉంది. అది సంతలో వాడేది.
తాత వేరే మాట అన్నాడు: ఒసొటువా.
బొడ్డుతాడు.
తాడులోంచి ఎంత నెత్తురు పారిందో
ఏ తల్లి పద్దు రాసుకుంటుంది?
అడిగేవాడికి అవసరం ఉండాలి,
ఇచ్చేవాడి దగ్గర ఉండాలి.
చేబదులు కూడా కాదది.

హిల్కా గబగబా రాసుకుంది.
తర్వాత తన కథ చెప్పింది:
"తీర్చగలవాడికే అప్పు పుడుతుంది.
సింహం కాలు నమిలేసినవాడు ఏం తీరుస్తాడు?
కనక కాలు బాగున్నప్పుడే
వీడు లేకపోతే నాకు గడవదు అనుకునేవాడొకడు ఉండాలి.
అలాంటి ఒకడున్నవాళ్ళే బతికారు.
మనం వాళ్ళ పిల్లలం."

మార్చి చెప్పాను.
తాత ముక్కుపొడుం పీల్చి, చాలాసేపటికి,
"ఈ పిల్లకి అక్కడ ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు.

ఆ ఒక్కటీ నేను మార్చలేదు.
సాయంత్రాలు సిగ్నల్ కోసం ఆవిడ రాయెక్కుతుంది.
దిగేటప్పటి నడక చూస్తే చాలు,
ఇవాళ కబురు వచ్చిందో లేదో మా పిల్లకాయలు కూడా చెప్పేస్తారు.

నిన్న ఆవిడే అంది, చింపాంజీ కంట్లో ఇంత తెలుపుండదట.
ఎటు చూస్తోందో పట్టుకోవడం కష్టమట.
మనిషే, ఎందుకో,
తన మీద చాడీలు చెప్పే కన్ను పెంచుకున్నాడట.

పొద్దు వాలాక దుమ్ము లేచింది.
గడ్డి వెతుక్కుంటూ దక్షిణానికి పోయిన ఏడుగురు తిరిగొస్తున్నారు.
మందలో సగం లేదు.
హిల్కా తల వంచి పేజీకి నంబరు వేస్తోంది.
నేను తాతని చూస్తున్నాను.

వరసలు లేవన్నాడా,
ఆ చూపు కొడుకుని దాటింది,
మంచి ఆబోతున్న కొయినెట్‌ని దాటింది,
అందరికంటే వెనక, కుంటుతూ,
ఒక్క దూడ కూడా మిగలని తిపాపే మీద
వాలింది.
ఆ తర్వాతే కొడుకు దగ్గరికి వెనక్కొచ్చింది.
తుమ్మినంతసేపు.

"ఏమైనా అన్నాడా?" తలెత్తి అడిగింది హిల్కా.
లేదన్నాను.
గళ్ళు ఖాళీగానే ఉన్నాయి.
కూలి పుచ్చుకుని అబద్ధమాడినట్టేనా? ఏమో.

ముళ్ళకంచె దగ్గర సిరొంకా ఆగాడు.
నాతో పాటు ఒకే ఏడు యువకుడైనవాడు.
మొహమంతా దుమ్ము, అందులో రెండు తెల్లటి చోట్లు
ఎవరికోసమో వెతుకుతున్నాయి.

ముందు ఎవరి మీద ఆగుతాయో చూడలేక
కప్పులు కడిగే మిషతో తల దించుకున్నాను.

చల్లటి టీ అడుగు ఇసుకలోకి ఇంకిపోతోంది.
కనుకొసల్లోంచి నా తెలుపు
అప్పటికే వాడికి చెప్పేసి ఉంటుంది.